బరంపురం ఉక్కపోతలో జిమ్నాస్టిక్స్ చాక్ ఎంచుకోవడం ఎలా?

బరంపురం బడాబజార్‌లో "చాక్ పౌడర్ ఇవ్వండి" అని అడిగితే, మీరు ఏ కొట్టు ముందు నిలబడ్డారన్నదాన్ని బట్టి వేరే వేరే సరుకు చేతికొస్తుంది. స్టేషనరీ కొట్టువాళ్లు బడి సుద్దముక్కలు చూపిస్తారు. స్పోర్ట్స్ షాపులో క్యారమ్ పౌడర్ డబ్బా తీస్తారు. పెయింట్ల కొట్టులో పుట్టీలో కలిపే చాక్ పౌడర్ కిలోల లెక్కన తూస్తారు. కిరాణా కొట్టయితే ముగ్గుపిండి. అన్నీ తెల్లగానే ఉంటాయి, అన్నీ చవకే. హై బార్ మీద వేలాడే పిల్లాడు చెమటకి పట్టు జారకుండా చేతికి రాసుకోవడానికి మాత్రం వీటిలో ఒక్కటీ పనికిరాదు. కొన్నయితే అసలు చేతికి తగలనివ్వకూడదు.

దక్షిణ ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో చిన్న జిమ్నాస్టిక్స్ క్లబ్బులు నడిపేవాళ్లు, స్కూల్లో ఒక బార్, నాలుగు మ్యాట్లు సంపాదించి పిల్లలకి నేర్పిస్తున్న పీఈటీ మాస్టార్లు, తమ పిల్లలకి సొంతంగా చాక్ కొనివ్వాలనుకునే తల్లిదండ్రులు: ఇది వాళ్ల కోసం. భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో అయితే సప్లయర్ ఉంటాడు, ఫోన్ చేస్తే పెట్టె దిగుతుంది. మన దగ్గర సరుకు చూసి, తాకి, పరీక్షించి మనమే తేల్చుకోవాలి. పైగా సముద్రపు గాలి, జూన్ నుంచి అక్టోబర్ దాకా తేమ. చాక్ ఎంత తెల్లగా ఉంది, డబ్బా మీద ఏ ఫొటో ఉంది అన్నవి పక్కన పెట్టండి. మన వాతావరణంలో చెమట పట్టిన చేతిని ఎంతసేపు పొడిగా ఉంచుతుంది అన్నదొక్కటే చూడండి.

ముందు సరుకు పేరు సరిగ్గా పట్టుకోండి

మీకు కావాల్సింది మెగ్నీషియం కార్బోనేట్. కొట్లో అడిగేటప్పుడు దానికి "లైట్" అని కూడా చేర్చండి: లైట్ మెగ్నీషియం కార్బోనేట్. ఇదే పదార్థంలో "హెవీ" రకం కూడా దొరుకుతుంది, అది వేరే పనులకి. లైట్ రకం పొడి చాలా గుల్లగా ఉంటుంది. రేణువుల మధ్య ఖాళీలు ఎక్కువ కాబట్టి చెమటని బాగా పీలుస్తుంది. నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి చెమట తగలగానే పేస్టులా జారిపోదు.

ఇదేదో విదేశీ వింత సరుకని భయపడక్కర్లేదు. ఉప్పు మళ్లలో ఉప్పు గడ్డకట్టి తీసేశాక మిగిలే నీళ్లు చేదుగా ఉంటాయని ఇటు హుమ్మా వైపు, అటు నౌపడ వైపు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ చేదు మెగ్నీషియం లవణాలదే. అలాంటి నీళ్ల నుంచి గానీ, మాగ్నసైట్ అనే ఖనిజం నుంచి గానీ రసాయన పద్ధతిలో మెగ్నీషియం కార్బోనేట్‌ని అడుగుకి దించి, వడగట్టి, ఆరబెట్టి పొడి చేస్తారు. ఉప్పు ముద్దకట్టకుండా కలిపే పదార్థాల్లో కూడా ఇది ఒకటి. ఆహార ప్యాకెట్ల వెనక 504 అనే నంబర్‌తో కనిపించేది ఇదే.

మరి తక్కినవి ఎందుకు వద్దు?

బడి సుద్దముక్కలు మన దేశంలో ఎక్కువగా జిప్సమ్‌తో చేస్తారు. అచ్చుల్లో పోసి ఆరబెట్టే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సరుకది. చెమట తగిలితే చేతిలో సన్నటి బురదలా తయారవుతుంది. పెయింట్ల కొట్టు చాక్ పౌడర్ కాల్షియం కార్బోనేట్. బరువెక్కువ, పీల్చే గుణం తక్కువ. క్యారమ్ పౌడర్ సంగతి ఇంకా అన్యాయం. స్ట్రైకర్ జారడానికే దాన్ని తయారుచేస్తారు. పైగా కొన్ని రకాల్లో బోరిక్ యాసిడ్ ఉంటుంది, చర్మం చిట్లిన అరచేతులకి అది అస్సలు తగలకూడదు. ముఖానికి రాసుకునే టాల్కమ్ పౌడర్‌దీ జారే గుణమే. ముగ్గుపిండి రాతిపొడి. ఏ రాయిని పొడి చేశారో కొన్నవాడికే కాదు, అమ్మినవాడికీ తెలియదు. అందులో క్వార్ట్జ్ ఉంటే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి హాని.

ఇంకోటి ఉంది, దీని దగ్గర మాత్రం గట్టిగా ఉండండి: కబడ్డీ, ఖోఖో కోర్టులకి గీతలు గీసే సున్నం. స్కూలు స్టోర్‌రూమ్‌లో బస్తా ఎప్పుడూ ఉంటుంది, చాక్ అయిపోయిన రోజు ఎవరో ఒకరు "ఇది కూడా తెల్ల పొడే కదా సార్" అని గుప్పెడు తెస్తారు. సున్నం చెమటతో కలిస్తే చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆ బస్తా జిమ్ ఉన్న గదిలో ఉండకూడదు. చాక్ లేని రోజు బార్ మీద ప్రాక్టీస్ మానేసి, ఫ్లోర్ మీద చేయించండి.

కాగితం అడగడానికి మొహమాటపడకండి

బ్లాకు కొన్నా, పొడి కొన్నా, ప్యాకెట్ మీద పదార్థం పేరు రాసి ఉండాలి. "స్పోర్ట్స్ చాక్", "ప్రో గ్రిప్" లాంటి మాటలు పదార్థం పేర్లు కావు. మెగ్నీషియం కార్బోనేట్ అని స్పష్టంగా ఉండాలి. రసాయనాల కొట్టులో కొంటే 546-93-0 అనే సీఏఎస్ నంబర్ చూడండి. రసాయనాలకి అదొక గుర్తింపు నంబర్, మెగ్నీషియం కార్బోనేట్‌ది ఇది. నీళ్లతో కూడిన లైట్ రకానికి వేరే నంబర్ కూడా వేస్తుంటారు కాబట్టి నంబర్ తేడాగా ఉన్నంత మాత్రాన గొడవ పడకండి. పేరు, నంబర్ రెండూ లేకపోతే మాత్రం వదిలేయండి.

కిలోల్లో కొంటున్నప్పుడు రెండు కాగితాలు అడగండి. ఒకటి సేఫ్టీ డేటా షీట్ (సరుకుతో తీసుకోవాల్సిన జాగ్రత్తల కాగితం), రెండోది ఆ బ్యాచ్‌కి సంబంధించిన అనాలిసిస్ సర్టిఫికెట్ (పరీక్షిస్తే అందులో ఏది ఎంత ఉందని తేలిందో చెప్పే కాగితం). వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపినా చాలు. నిజంగా రసాయనాల వ్యాపారం చేసేవాళ్ల దగ్గర ఇవి రెడీగా ఉంటాయి. "అవన్నీ ఎందుకు, సరుకు గ్యారంటీ" అనే మాట వినిపిస్తే, ఆ గ్యారంటీ దేనికో మీకే అర్థమవుతుంది.

సర్టిఫికెట్‌లో ఒక అంకె చూసి చాలామంది కంగారు పడతారు. ప్యాకెట్ మీద "100 శాతం స్వచ్ఛం" అని ఉంటుంది. కాగితంలో మాత్రం మెగ్నీషియం ఆక్సైడ్ 40 నుంచి 45 శాతం అని ఉంటుంది. మోసం జరిగిందనుకుని ఫోన్ తీయకండి, అది సరైన లెక్కే. ఈ పదార్థాన్ని తూచేటప్పుడు అందులోని మెగ్నీషియంని ఆక్సైడ్ రూపంలో లెక్కగడతారు. తక్కిన బరువంతా కార్బన్ డయాక్సైడ్ వంతు, దాంతో ఉండే నీళ్లు. మందుల తయారీకి పనికొచ్చే గ్రేడ్ అయితే పేరు పక్కన "ఐ.పి." అని ఉంటుంది, అంటే ఇండియన్ ఫార్మకోపియా ప్రమాణం. సీసం, ఆర్సెనిక్ లాంటి వాటికి హద్దులుండే గ్రేడ్ అది. చిన్నపిల్లల జిమ్ అయితే నా ఓటు దానికే. బ్రాండెడ్ బ్లాకులతో పోలిస్తే కిలో ధర చాలాసార్లు తక్కువే పడుతుంది.

బ్లాకా, పొడా, బంతా, లిక్విడా?

బ్లాకులు ఎక్కువగా 56 గ్రాముల సైజులో వస్తాయి, అంటే రెండు ఔన్సులు. 8 బ్లాకుల పెట్టె సుమారు 450 గ్రాములు తూగుతుంది. అదే ఒక పౌండు. రోజుకి పదిమంది పిల్లలు వచ్చే జిమ్‌కి నేను బ్లాకులే చెబుతాను. దుమ్ము తక్కువ, వృథా తక్కువ, ఎవరికెంత ఇచ్చామో కనిపిస్తుంది. ఒక్కొక్కరికీ బొటనవేలంత ముక్క విరిచి ఇస్తే చాలు.

బ్లాకు కొనేటప్పుడు అంచు మీద బొటనవేలితో నొక్కి చూడండి. మంచిదైతే మెత్తగా చిట్లి, వేలికి పొడి అంటుతుంది. రాయిలా గట్టిగా ఉండి, గోరుతో గీస్తే తప్ప రాలకపోతే అందులో అతికించే పదార్థం ఎక్కువైనట్టు, లేదా అది వేరే సరుకు. ప్యాకెట్ తెరవకుండానే సగం పొడైపోయి ఉంటే అది కేవలం రవాణాలో నలిగిపోవడం కావచ్చు. దాని గురించి పట్టించుకోకండి, డబ్బాలో పోసి పొడిగా వాడుకోవచ్చు.

పొడి అయితే గిన్నెలో పోసి అందరూ చేతులు ముంచే పద్ధతి. చవక, వేగం, కానీ గదంతా తెల్లగా మేఘంలా లేస్తుంది. పెద్ద హాలు, తలుపులు తెరుచుకునే చోటయితే ఫర్వాలేదు.

చాక్ బంతి అంటే సన్నటి గుడ్డ సంచిలో పొడి నింపి ముడేసింది. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకి ఇది బాగుంటుంది. వాళ్ల చేతికి పొడి గిన్నె ఇస్తే పది నిమిషాల్లో ముఖాలకి పూసుకుని పులివేషం వేస్తారు. కొత్త కాటన్ సాక్స్‌లో పొడి పోసి, పైన రబ్బరు బ్యాండు వేసినా అదే పని చేస్తుంది.

లిక్విడ్ చాక్ అంటే ఆల్కహాల్‌లో మెగ్నీషియం కార్బోనేట్ కలిపిన ద్రవం. రాసుకున్నాక ఆల్కహాల్ ఆరిపోయి పలచటి పొర మిగులుతుంది. దుమ్ము ఉండదు, ఎక్కువసేపు నిలుస్తుంది, వెయిట్‌లిఫ్టర్లకి బాగా నప్పుతుంది. జిమ్నాస్టిక్స్‌లో మాత్రం ఆలోచించి వాడండి. అరచేయి చిట్లిన పిల్లలకి భగ్గుమని మండుతుంది. అరచేతికి తొడుక్కునే తోలు గ్రిప్పులకి తగిలితే తోలు ఎండిపోయి పగుళ్లిస్తుంది. సీసాని పూజగది దీపానికి, గ్యాస్ పొయ్యికి దూరంగా ఉంచాలి. కొన్ని రకాల్లో రోజిన్ అనే జిగురు కూడా కలుపుతారు. అది బార్ మీద పేరుకుపోతుంది, తర్వాత వచ్చేవాడి చేయి అనుకోని చోట అతుక్కుంటుంది. అన్‌ఈవెన్ బార్స్ (ఎత్తు తేడా ఉన్న రెండు బార్లు), ప్యారలల్ బార్స్ (పక్కపక్కన ఒకే ఎత్తులో ఉండే రెండు బార్లు) ఉన్న జిమ్‌లోకి రోజిన్ రానివ్వకండి. రంగు చాక్ కూడా వద్దు, మ్యాట్ల మీద మరకలు పోవు.

వంటింట్లోనే చేసుకునే పరీక్షలు

పెద్ద ఆర్డర్ పెట్టేముందు నమూనాగా ఒక బ్లాకో, వంద గ్రాముల పొడో తెప్పించుకోండి. స్టీలు గరిటె, గాజు గ్లాసు, వెనిగర్, మెడికల్ షాపులో దొరికే అయోడిన్ టింక్చర్ ఉంటే చాలు.

మొదట బరువు. ఒకే సైజు గ్లాసులు రెండు తీసుకుని ఒకదాంట్లో నమూనా, రెండోదాంట్లో పెయింట్ల కొట్టు చాక్ పౌడర్ నొక్కకుండా నింపండి. రెండు చేతుల్లో పట్టుకోండి. లైట్ మెగ్నీషియం కార్బోనేట్ ఉన్న గ్లాసు ఖాళీగా ఉన్నంత తేలిగ్గా అనిపిస్తుంది. తేడా తెలియాలంటే తక్కెడ కూడా అక్కర్లేదు. తేడా లేకపోతే ఇక మిగతా పరీక్షలతో పని లేదు, సరుకు వెనక్కి పంపండి.

తర్వాత నీళ్లు. గ్లాసు నీళ్ల మీద చిటికెడు పొడి చల్లి కదపకుండా చూడండి. టాల్క్ కలిసి ఉంటే నీటి మీద పొరలా తేలుతూనే ఉంటుంది, తడవనంటుంది. మెగ్నీషియం కార్బోనేట్ కాసేపటికి తడిసి మెల్లగా కిందకి దిగుతుంది. కలిపితే నీళ్లు పాలలా తెల్లబడతాయి కానీ పొడి కరిగిపోదు. పూర్తిగా కరిగిందంటే అది వేరే ఏదో.

వెనిగర్ పరీక్ష అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. అర టీస్పూన్ పొడి మీద నాలుగు చెంచాల వెనిగర్ పోయండి. మెగ్నీషియం కార్బోనేట్ వెంటనే బుసబుసా పొంగి, కాసేపటికి దాదాపు అంతా కరిగిపోతుంది. జిప్సమ్, టాల్క్, బోరిక్ యాసిడ్ ఏవీ పొంగవు. జిప్సమ్, టాల్క్ అయితే కరగకుండా తెల్లగా మిగిలిపోతాయి. మాగ్నసైట్ రాయినో, డోలమైట్‌నో నేరుగా దంచి పొడి చేసి అమ్మితే చల్లటి వెనిగర్‌లో అక్కడక్కడా ఒకటీ అరా బుడగలు వస్తాయి, అంతే. వెనిగర్ లేకపోతే నిమ్మరసం పిండండి.

ఇక్కడొక చిక్కుంది. కాల్షియం కార్బోనేట్ కూడా వెనిగర్‌లో పొంగుతుంది. కాబట్టి బరువు పరీక్షలో తప్పిన సరుకు వెనిగర్‌లో బాగా పొంగిందని మళ్లీ నమ్మకండి. ఈ రెండింటినీ ఖచ్చితంగా విడదీయాలంటే పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్ కావాలి. అందులో మెగ్నీషియం కార్బోనేట్ పూర్తిగా కరిగి నీళ్లు తేటగా మారతాయి, కాల్షియందయితే జిప్సమ్‌గా మారి తెల్లటి మడ్డి మిగులుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు. దగ్గర్లోని కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో మాస్టారిని అడిగితే ఐదు నిమిషాల్లో చేసిపెడతారు. బ్యాటరీ యాసిడ్ తెచ్చి ప్రయోగాలు చేయకండి.

చివరిగా అయోడిన్. తడిపిన పొడి మీద ఒక చుక్క వేస్తే నీలం-నలుపు రంగుకి తిరిగిందంటే పిండి కలిపారు. మెగ్నీషియం కార్బోనేట్‌లో ఆ నలుపు రాదు. పిండి కలిసిన చాక్ చెమటకి జిగటగా మారి, నిల్వ ఉంచితే పురుగు కూడా పడుతుంది.

వాసన చూడటం మర్చిపోకండి. మంచి చాక్‌కి వాసన ఉండదు. సెంటు వాసన వచ్చిందంటే అది ముఖానికి రాసుకునే సరుకే.

చేతి పరీక్ష, అది కూడా మధ్యాహ్నం పూట

రసాయనం సరైనదే అయినా అన్ని సరుకులూ ఒకేలా పట్టవు. రేణువు సైజు, ఆరబెట్టిన పద్ధతి, దారిలో తగిలిన తేమ అన్నీ తేడా తెస్తాయి. అందుకని రెండు, మూడు చోట్ల నుంచి నమూనాలు తెప్పించి, పేర్లు తీసేసి ఒకేలాంటి డబ్బాల్లో పోసి "అ", "ఆ", "ఇ" అని రాయండి. ఏది ఖరీదైనదో పిల్లలకి తెలియకూడదు. తెలిస్తే అందరూ ఖరీదైనదే బాగుందంటారు.

తక్కువ ఎత్తు బార్, కింద మ్యాట్, పక్కన పెద్దవాళ్లు ఒకరు. మీ జిమ్‌లో బాగా అనుభవం ఉన్న ఇద్దరు, ముగ్గుర్ని ఎంచుకుని, ఊగకుండా ఊరికే వేలాడమనండి. చేయి జారడం మొదలైన క్షణం దాకా ఫోన్‌లో టైమ్ చూడండి. ఒకే రోజు మూడు రకాలూ పెడితే చేతులు అలిసిపోయి మూడోది పాపం ఎప్పుడూ ఓడిపోతుంది. రోజుకొకటి పెట్టి, వారం తర్వాత వరస మార్చి మళ్లీ చేయండి. స్వింగులు, జెయింట్లు (బార్ చుట్టూ ఒళ్లంతా చాపి తిరిగే పూర్తి చుట్లు) చేస్తూ కొత్త చాక్ పరీక్షించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

టైమ్ కూడా ముఖ్యమే. జనవరి ఉదయం కోరాపుట్ కొండ మీద ఏ చాకైనా బాగానే పట్టుకుంటుంది. గోపాల్‌పూర్ గాలి తగిలే ఊళ్లో ఆగస్టు సాయంత్రం నాలుగింటికి పట్టుకుందా లేదా అన్నదే ప్రశ్న. సరుకు కొనేది చలికాలంలోనే అయినా నమూనాలు వానల్లోనే పరీక్షించి రాసిపెట్టుకోండి.

టైమ్‌తో పాటు అరచేతుల్ని కూడా చూడండి. వేలాడాక చేయి తెరవమనండి. పొర సమంగా పలచగా ఉండి, గీతల్లో మాత్రమే కాస్త ముద్దకట్టి ఉంటే బాగున్నట్టు. పొర పలకలుగా ఊడి వస్తుంటే, లేదా బఠాణీ గింజంత ఉండలు తిరుగుతుంటే ఆ సరుకు తేమ తిన్నది, లేదా పిల్లాడు మరీ ఎక్కువ పూసుకున్నాడు. చాక్ మందంగా పూసుకుంటే పట్టు పెరుగుతుందనుకుంటారు, తగ్గుతుంది. చేతికి, బార్‌కి మధ్య ఊగే పొడి పొర జారడానికే దారి.

ఎంత కొనాలి, ఎవరితో కలిసి కొనాలి

గిన్నెని వారం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కిరాణా తక్కెడ మీద పెట్టి తూచండి. తేడాని పిల్లల సంఖ్యతో భాగించండి. మీ జిమ్ అసలు వాడకం అదే. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన లెక్క మనకి సరిపోదు, వాళ్ల ఊళ్లో చెమట తక్కువ. వానాకాలంలో ఒక లెక్క, చలికాలంలో ఇంకో లెక్క వస్తుంది. మూడు నెలలకి సరిపడా మించి నిల్వ పెట్టకండి.

ఒక్క చిన్న జిమ్‌కి ఐదు కిలోలు తెప్పిస్తే కొరియర్ ఖర్చే సరుకు ధర తినేస్తుంది. ఇక్కడ మన ప్రాంతానికో సౌకర్యముంది. బరంపురం వెయిట్‌లిఫ్టింగ్‌కి పేరున్న ఊరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కాటులు రవికుమార్ ఈ ఊరివాడే. లిఫ్టర్లు వాడేదీ ఇదే మెగ్నీషియం కార్బోనేట్. మీ ఊళ్లో ఉన్న లిఫ్టింగ్ క్లబ్బువాళ్లతో కలిసి ఆర్డర్ పెడితే ఇద్దరికీ లాభం. అనుభవమున్న లిఫ్టర్‌కి నమూనా ఇచ్చి "అన్నా, ఇది ఎలా ఉంది?" అని అడగండి. రెండు వేళ్ల మధ్య రుద్ది చెప్పేస్తాడు.

ల్యాబ్ రసాయనాలు అమ్మే కొట్లు విశాఖలో దొరుకుతాయి. బరంపురం నుంచైనా, రాయగడ నుంచైనా నేరుగా రైలుంది. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లు ఎవరో ఒకరు వైజాగ్ వెళ్తూనే ఉంటారు కదా, వాళ్ల చేత నమూనా తెప్పించుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే రివ్యూల్లో నక్షత్రాలు లెక్కపెట్టడం మానేసి, కొన్నవాళ్లు పెట్టిన ఫొటోల్లో ప్యాకెట్ వెనక వైపు కనిపించేది వెతకండి. వెనక వైపు ఫొటో ఎక్కడా లేని సరుకు జోలికి నేను పోను.

2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో (పరుగెత్తి వచ్చి బల్ల మీదుగా ఎగిరే అంశం) కాంస్యం గెలిచి, హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి పేరు పేపర్లకెక్కాక, మన ఇళ్లల్లో కూడా ఆడపిల్లల్ని జిమ్నాస్టిక్స్‌కి పంపుతామనే మాట వినిపించింది. అలా వచ్చిన తల్లిదండ్రులు మొదట కొనేది మెరిసే లియోటార్డ్, అంటే ఒంటికి అతుక్కునే జిమ్నాస్టిక్స్ డ్రెస్. దాని ధరలో చిన్న వంతు పెడితే ఏడాదికి సరిపడా చాక్ వస్తుంది.

దాచడం: మన దగ్గర సగం పని ఇదే

మంచి సరుకు తెచ్చి గోనెసంచిలో వదిలేస్తే జూలైకల్లా పనికిరాకుండా పోతుంది. మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బా గానీ, రబ్బరు వాషరున్న ప్లాస్టిక్ డబ్బా గానీ తీసుకోండి. లోపల పొడిని మళ్లీ పాలిథిన్ కవర్‌లో ముడేసి పెట్టండి. ఊరగాయ జాడీకి ఎంత జాగ్రత్త తీసుకుంటారో దీనికీ అంతే: తడి చేయి, తడి గరిటె లోపలికి వెళ్లకూడదు. రోజు వాడకానికి చిన్న డబ్బా వేరుగా పెట్టుకుని, పెద్దది వారానికి ఒకసారే తెరవండి.

నేల మీద పెట్టకండి, గోడకి ఆనించకండి. ఎత్తయిన అలమారలో పెట్టండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూసిన ఊళ్లవాళ్లకి ఇది ఎందుకో వివరించక్కర్లేదు. తుపాను హెచ్చరిక రాగానే మ్యాట్లతో పాటు చాక్ డబ్బా కూడా పైకెక్కించండి.

తేమ పట్టిన బ్లాకులు పారేయకండి. పల్చగా విరిచి, పళ్లెంలో పరిచి, పైన సన్నటి గుడ్డ కప్పి రెండు ఎండలు చూపిస్తే చాలావరకు మళ్లీ పనికొస్తాయి. తడిసి ముద్దయి, మట్టి కలిసిందైతే మాత్రం వదిలేయండి.

జిమ్‌లో వాడకం

చాక్ గిన్నెని ఫ్యాన్ కింద పెట్టవద్దు. పిల్లల నడుం ఎత్తులో, మూతున్న స్టాండు మీద, పిల్లలు ఊగి దిగే దారికి అడ్డం రాకుండా బార్‌కి దూరంగా ఉండాలి. చేతులు గిన్నె లోపలే రుద్దుకోవాలి, ఎక్కువైంది గిన్నె లోపలే దులపాలి. చప్పట్లు కొట్టి పొడి ఎగరేయడం టీవీలో బాగుంటుంది, ఆయాసం ఉన్న పిల్లలకి మాత్రం నరకం. ఉబ్బసం ఉందని ఇంట్లోవాళ్లు చెప్పిన పిల్లలకి బంతి చాక్ ఇచ్చి, వాళ్ల వంతు ముందు పెట్టండి. రోజూ సాయంత్రం చీపురుతో ఊడిస్తే దుమ్మంతా మళ్లీ గాల్లోకే లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి.

ఇక కొబ్బరినూనె. మన ఇళ్లల్లో అమ్మలు బడికి పంపేముందు జడలకి నూనె దట్టంగా పట్టిస్తారు. ఆ పిల్ల సాయంత్రం జిమ్‌కి వచ్చి, చాక్ రాసుకుని, బార్ ఎక్కేముందు అలవాటుగా జడ వెనక్కి తోస్తుంది. అంతే, ఆ చేతి నాలుగు వేళ్లకి చాక్ ఉన్నట్టూ లేదు, పట్టూ లేదు. "మీ చాక్ బాగాలేదు మాస్టారూ" అని వచ్చే ఫిర్యాదులు చాలావరకు ఇలాంటివే. చాక్ రాసుకునే ముందు సబ్బుతో చేతులు కడిగి, పొడి తువ్వాలుతో తుడుచుకోమనండి. జడ ముడి వేసి క్లిప్పు పెట్టుకునే దాకా గిన్నె దగ్గరికి రానివ్వకండి. నూనె తలకి జిమ్ లేని రోజు పెట్టమని అమ్మలకి చెప్పండి, వింటారు.

అరచేతులు కాయలు కాచాక స్నానం తర్వాత ప్యూమిస్ రాయితో మెల్లగా అరగదీయాలి. కాయ ఎత్తుగా పెరిగితే బార్ మీద ఊడి పచ్చిపుండవుతుంది. రాత్రి పడుకునేముందు కొబ్బరినూనె రాయడానికి అప్పుడు అభ్యంతరం లేదు. జయపురం, కోరాపుట్ వైపు చలికాలంలో గాలి పొడిగా ఉండి చేతులు పగుల్తాయి. అక్కడ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చాక్ సగం చాలు, రాత్రి నూనె మాత్రం తప్పనిసరి.

హై బార్ 28 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీలు కడ్డీ. దాని మీద పేరుకున్న పాత చాక్ పొర చెమట ఉప్పుని, సముద్రపు తేమని పట్టి ఉంచుతుంది, దాని కింద తుప్పు మొదలవుతుంది. రోజూ చివర్లో పొడిగుడ్డతో తుడిచి, వారానికి ఒకసారి సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ పొడిగా తుడవండి. అన్‌ఈవెన్ బార్స్, ప్యారలల్ బార్స్ చెక్కపూతవి కాబట్టి వాటికి ఎమరీ గట్టిగా పెట్టకండి. గరుకు స్క్రబ్బర్‌తో పొర లేపితే చాలు. రుద్దేటప్పుడు చెక్క చీలిక ఎక్కడైనా వేలికి తగిలితే ఆ రోజుకి ఆ బార్ మీదికి పిల్లల్ని ఎక్కించకుండా రిపేరు చేయించండి.

గిన్నె అడుగున వారం చివర మిగిలే బూడిదరంగు పొడిలో చర్మపు పొట్టు, చెమట, మ్యాట్ల దుమ్ము ఉంటాయి. అది తీసి చెత్తలో వేసి, గిన్నె కడిగి పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు కొత్త చాక్ పోయండి. పాతదాని మీద కొత్తది పోస్తూ పోతే, ఎంత మంచి సరుకు కొన్నా పిల్లల చేతికి అందేది పాతదే.